చిన్న రైళ్లు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: హెచ్‌ఓ స్కేల్లో డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజను బొమ్మ కొన్నాను. డబ్బా మీద 1:87 అని, అంటే అసలులో 87వ వంతు అని ఉంది. చక్రాలు 16.5 మి.మీ. పట్టాలకు సరిపోయేలా ఉన్నాయి. 16.5ని 87తో హెచ్చవేస్తే 1,435 వస్తోంది. మన బ్రాడ్ గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1,676 మి.మీ. కదా! ఇది మోసం కాదా?
– అంబత్తూరు పాఠకుడు

జవాబు: మీ లెక్క సరైనదేనండీ. మోసం మాత్రం కాదు. 16.5 అనేది యూరప్, అమెరికాల్లోని 1,435 గేజ్‌ని చూసి పెట్టుకున్న కొలత. మన 1,676కి 1:87లో 19.2 మి.మీ. రావాలి. మామూలుగా దొరికే పట్టాల్లో, పాయింట్లలో (రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మారే చోట్లు) ఆ కొలత లేదు. కావాలంటే ఎవరికి వారు కూర్చుని పట్టా పట్టా పేర్చుకోవాలి. అందుకే బాడీని మన ఇంజను కొలతల్లో చేసి, దొరికే పట్టాల మీద నిలబెడతారు. పెరంబూరు లోకో వర్క్స్‌లో ఫిట్టరుగా చేసినవాణ్ణి, కొలత తప్పితే ఊరుకునే అలవాటు లేదు. అయినా ఈ ఒక్క రాజీకీ నేను ఒప్పుకుంటాను.

ఎందుకంటే ఆ 2.7 మి.మీ. లోటు పూర్తిగా కంటికి కనబడదు. అసలు చక్రం వెడల్పు 127 మి.మీ. స్కేలు ప్రకారం అది ఒకటిన్నర మి.మీ. కూడా ఉండకూడదు. కానీ పాయింట్ల మీద దిగబడకుండా ఉండాలని బొమ్మ ఇంజన్లకు తరచుగా 2.8 మి.మీ. చక్రం వేస్తారు. ఇప్పుడు ఈ లెక్క చూడండి. నిజం ఇంజన్లో రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 1,600. దానికి రెండు చక్రాల వెడల్పు కలిపితే 1,854. అంటే బొమ్మలో 21.3 ఉండాలి. మీ బొమ్మలో లోపలి దూరం సుమారు 14.4, దానికి రెండు 2.8లు కలిపితే 20. పక్కనుంచి చూసేవాడికి ఒక్కో చక్రం ముప్పావు మి.మీ. కూడా లోపలికి జరగలేదు! చక్రం లావు, గేజ్ లోటును సగానికి పైగా కప్పేసింది.

నేను ఒప్పుకోనివి వేరే ఉన్నాయి. పరాయి దేశపు ఇంజనుకు చేసిన చక్రాల చట్రాన్నే తెచ్చి మన బాడీ కింద బిగించేస్తే, ఇరుసుకూ ఇరుసుకూ మధ్య ఎడం మారిపోతుంది. అప్పుడు పొడవు ఎంత కచ్చితంగా ఉన్నా అది మన ఇంజనులా ఉండదు. కాలిపర్ తీసుకుని ముందు అది చూడండి. బఫర్ (ఇంజను చివర్లలో తాకిడి తట్టుకునే గుండ్రటి దిమ్మ) నుంచి బఫర్‌కి పొడవు 20,562, అంటే బొమ్మలో 236 మి.మీ. చక్రం వ్యాసం కొత్తప్పుడు 1,092, బాగా అరిగాక 1,016. కాబట్టి బొమ్మలో 11.7కీ 12.5కీ మధ్య ఎంతున్నా ఫరవాలేదు. ఆ తర్వాత బఫర్ ఎత్తు. మన రైల్వేలో పట్టా మీంచి బఫర్ మధ్యకు 1,030 నుంచి 1,105 దాకా ఉండాలి. బొమ్మలో 11.8 నుంచి 12.7. ఇది ఎక్కువైతే బాడీ గాల్లో తేలుతున్నట్టుంటుంది, పెట్టె పక్కన పెట్టగానే బయటపడిపోతుంది. సందేహముంటే ఓ సాయంత్రం పెరంబూరు ప్లాట్‌ఫారం మీద నిలబడి, రాయపురం షెడ్డు ఇంజనేదైనా వస్తే బఫర్లకేసి చూడండి. కొలతబద్ద చెప్పనిది అక్కడ కన్ను చెబుతుంది.

ప్రశ్న: స్కేలు 87 అని కొందరు, 87.1 అని కొందరు రాస్తున్నారు. ఏది నమ్మాలి?
– తాంబరం పాఠకురాలు

జవాబు: నిజం ఇంజన్లో అడుక్కి బొమ్మలో మూడున్నర మి.మీ. లెక్కన 87.1 వస్తుందమ్మా. ఇంజను మొత్తం పొడవు మీద తేడా పావు మి.మీ. అంతకంటే మందంగా రంగు పూసినవే చూశాను. వదిలేయండి.

ప్రశ్న: లండన్‌లో ఉన్న మా అన్నయ్య ఓఓ స్కేలు ఆవిరి ఇంజను పంపాడు. అదీ అవే పట్టాల మీద నడుస్తోంది. కానీ మన ఇంజను పక్కన పెడితే ఎక్కడో పొసగడం లేదు.
– అడయారు పాఠకుడు

జవాబు: పొసగదండీ. ఓఓ అంటే 1:76.2, అడుక్కి నాలుగు మి.మీ. బ్రిటన్‌లో సొరంగాలు, వంతెనలు ఇరుకు, ఇంజన్లూ సన్నం. ఆ సన్నటి ఇంజన్లను హెచ్‌ఓకి కుదిస్తే ఆ రోజుల్లోని మోటారు లోపల పట్టేది కాదు. దాంతో బాడీని పెంచి, పట్టాలను అలాగే ఉంచేశారు. ఆ స్కేల్లో 16.5 అంటే 1,257 మి.మీ. గేజ్ అన్నమాట. అది సహించలేని వాళ్లు అక్కడ 18.83 పట్టాలు సొంతంగా వేసుకుంటారు, వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. బ్రిటిష్ ఇంజను వెడల్పు దాదాపు 2.7 మీటర్లు, డబ్ల్యూఏపీ-7ది 3.15. మీ బల్ల మీద మాత్రం 35, 36 మి.మీ.లతో రెండూ ఇంచుమించు సమానమైపోయాయి. ఎక్కడో పొసగలేదన్నది ఇక్కడే. రెండింటినీ ఒకే రైలుకు కట్టకండి.

ప్రశ్న: మా అమ్మాయి ఎల్‌హెచ్‌బీ (కొత్తరకం ప్రయాణికుల పెట్టెలు) బొమ్మ పెట్టెలు మలుపులో పట్టా దాటి బయటికి వేలాడుతున్నాయి. పొడవు తప్పుగా చేశారా?
– వేళచ్చేరి పాఠకురాలు

జవాబు: పెట్టె పొడవు కొలిచి చూడండమ్మా. బాడీ 270 మి.మీ. ఉంటే అది సరైనదే, నిజం పెట్టె 23.54 మీటర్లు. తేడా మలుపులో ఉంది. మీరు వాడే 18 అంగుళాల మలుపు నిజం లెక్కలో 40 మీటర్ల వ్యాసార్ధం. మన బ్రాడ్ గేజ్‌లో 175 మీటర్లకంటే బిగువైన మలుపు వేయరు. దాన్ని బొమ్మలో వేయాలంటే రెండు మీటర్ల వ్యాసార్ధం కావాలి. గుండ్రంగా తిప్పితే నాలుగు మీటర్ల బల్ల! చెన్నై ఫ్లాట్లో ఎవరికి కుదురుతుంది? అందుకే కొందరు పెట్టెలనే పొట్టిగా చేస్తారు. అలాంటివి కొనొద్దని నా మాట. గోడవారగా పొడుగ్గా పట్టాలు వేసి, రెండు చివర్లా ఉన్నంతలో పెద్ద మలుపు, 30 అంగుళాలైనా, పెట్టండి. కుదరకపోతే మలుపు ముందర బొమ్మ చెట్లనో, దుకాణాలనో నిలబెట్టి ఆ భాగం కనబడకుండా చేయండి. పెట్టె మాత్రం పూర్తి పొడవుదే ఉండనివ్వండి.