రక్తపరీక్ష ఫలితం ఎక్కడ ఆగింది?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మా అత్తగారికి జీపీ సర్జరీలో (మా ఏరియా ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో) రక్తం తీసి మూడు వారాలైంది. ఫోన్ చేస్తే ఒకసారి ‘ఇంకా రాలేదు’, ఇంకోసారి ‘డాక్టర్ చూడాలి’ అంటున్నారు. విసుగొస్తోంది. ఏం చేయాలి?

జవాబు: అవి రెండూ వేర్వేరు సమస్యలండీ. ముందు పరీక్ష రాసిందెవరో చూడండి. ఆసుపత్రి స్పెషలిస్టు రాసి ఉంటే, రక్తం సర్జరీలో తీసినా, ఫలితం చెప్పాల్సింది ఆ విభాగమే. స్పెషలిస్టు సెక్రటరీకి ఫోన్ చేయండి. జీపీయే రాస్తే, ‘ల్యాబ్ నుంచి వచ్చిందా? డాక్టర్ చూశారా?’ అని విడివిడిగా అడగండి.

మూడు వారాలకీ రాలేదంటే మామూలు రక్తపరీక్షకు అది చాలా ఆలస్యం. ట్యూబు మీద పేరో పుట్టినతేదీయో తప్పితే ల్యాబ్ తిప్పికొడుతుంది. రక్తకణాలు చిట్లితే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఆ అంకె ఇవ్వరు. అలాంటప్పుడు మళ్లీ రక్తం ఇవ్వాల్సిందే, ఎదురుచూడడం దండగ.

ఫలితం వచ్చి డాక్టర్ దగ్గర ఆగితే సర్జరీ నిర్వహణ చూసే ప్రాక్టీస్ మేనేజర్‌కు రాతపూర్వకంగా రాయండి. ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్యసేవ) యాప్‌లోనూ సాధారణంగా డాక్టర్ చూశాకే కనిపిస్తుంది. సర్జరీవాళ్లు మీతో మాట్లాడేందుకు మీ అత్తగారి సమ్మతిని రికార్డులో నమోదు చేయించండి. అంతవరకు ఫోన్‌లో ఆవిడనే మాట్లాడనివ్వండి. కబురు రాలేదు కాబట్టి అంతా బాగుందని మాత్రం అనుకోకండి. ఈలోగా ఒంట్లో నలత పెరిగితే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కు, ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం లాంటివైతే అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయండి.