అక్క పిన్ను కొట్టిన పేజీలు

ప్రశ్న: నా వయసు 46. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయాక, నన్ను పదకొండో ఏటి నుంచి అక్కే పెంచింది. ఇప్పటికీ అక్కాబావల ఇంట్లోనే, మేడ మీది గదిలో ఉంటాను. కలం పేరుతో ఆరు నవలలు రాశాను. అన్నిట్లోనూ హద్దు దాటిన మోహం, పగ, చావు ఉంటాయి. మనుషుల్లో కలవడం నాకు ఇష్టం ఉండదు. ఫంక్షన్లకు వెళ్ళను, ఇంటికెవరైనా వస్తే కిందికి దిగను. కొత్త నవల చదివి అక్క, 'ఇలాంటివి ఊహించే మనసు మామూలు మనసేనా?' అంది. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. నాలో ఏదైనా మానసిక లోపం ఉందా? ఇవి మానేసి మంచి కథలు రాసుకోనా?

జవాబు: మీరడిగిన దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తాను. లోపమేమీ కనబడటం లేదు, మానక్కర్లేదు. హత్య రాసిన రాత్రి ఇంకా బాగా నిద్రపడుతుందని మీరే రాశారు. ఆ ఆలోచనలు కాగితం దాటి మీ మీదికో ఇంకొకరి మీదికో మళ్ళుతుంటే, తిండీ నిద్రా పోతుంటే, వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళమనేదాన్ని. ఆ జాడేమీ మీ ఉత్తరంలో లేదు. ఇక మంచి కథలంటారా, మీకు రాయాలనిపించినప్పుడు రాయండి. ఎవరో అన్నారని రాస్తే అవి చదివేవాళ్ళకే శిక్ష.

అసలు సంగతి వేరే ఉంది. చోటు చాలక మీ ఉత్తరాన్ని కుదించి వేశాం గానీ, నాలుగు పేజీల్లో మీ నవలల గురించి ఉన్నది ఒక పేజీ కూడా కాదు. మిగతాదంతా అక్కే. అక్కకు నచ్చలేదు, అక్కకు ఇబ్బంది, అక్క ఏమంటుందో. మధ్యలో ఒకచోట, అందరిళ్ళలో జరిగేదే అన్నట్టుగా ఒక మాట రాశారు. నవల పూర్తవగానే ముందు అక్కకిస్తారు. తనకు నచ్చని పేజీలన్నీ కలిపి ఆవిడ స్టేప్లర్‌తో పిన్ను కొట్టి పైకి పంపిస్తుంది. మీరు ఆ పిన్ను కూడా తీయకుండా, ఆ భాగమంతా కొత్తగా రాసేస్తారు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కంటే మీ మీద ఎక్కువ.

కిందికి దిగకపోవడం నా స్వభావం అని మొదటి పేజీలో రాశారు. చివరి పేజీకి వచ్చేసరికి, మీ అక్క కూతురి సంబంధం మాట్లాడటానికి మనుషులొచ్చిన రోజు, 'నువ్వు పైనే ఉండు, ఏం చేస్తుంటావని అడిగితే ఏం చెప్పను?' అని ఆవిడ అన్నదని రాశారు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా మీకు కనిపించలేదా? ఒంటరిగా ఉండటం మీకు నిజంగానే ఇష్టం కావచ్చు, రాసేవాళ్ళకు అది అవసరం కూడా. కానీ మీ గదికి గడియ లోపలుందో బయటుందో ఒకసారి చూసుకోండి.

ఇంగ్లీషు రచయిత్రి ఎమిలీ బ్రాంటీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. చర్చికి వెళ్ళడానికో కొండల మీద తిరగడానికో తప్ప ఆమె గడప దాటేది కాదని అక్క షార్లెటే రాసింది. 1845లో చెల్లెలి కవితల నోట్‌బుక్కు అనుకోకుండా ఆ అక్క కంట పడింది. అడగకుండా చదివినందుకు ఎమిలీ మండిపడింది. అచ్చుకు ఒప్పించడానికి షార్లెట్ చాలా తంటాలు పడాల్సి వచ్చింది. 1847లో మగపేరనిపించే కలం పేరుతో ఆమె నవల 'వుదరింగ్ హైట్స్' వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో, ముప్ఫయ్యో ఏట ఎమిలీ చనిపోయింది. 1850లో ఆ నవలను మళ్ళీ అచ్చు వేయిస్తూ షార్లెట్ ముందుమాట రాసింది. ఆ నవలలో పగతో రగిలిపోయే నాయకుడు హీత్‌క్లిఫ్‌లాంటి పాత్రను సృష్టించడం సబబేనా అని ప్రశ్న వేసుకుని, సబబని తాను అనుకోవడం లేదని జవాబు కూడా తనే చెప్పుకుంది. చెల్లెలి పాత్రల్లో ఒకరి యాస జనానికి అర్థం కాదని మాటలూ సవరించింది. ఆ అక్క లేకపోతే ఎమిలీ రాతలు బయటికొచ్చేవే కావేమో. ఆ ప్రేమ నిజం. ఆ సంజాయిషీ కూడా నిజమే. కాకపోతే ఎమిలీ అప్పటికి బతికిలేదు. మీరు మీ గదిలో నిక్షేపంగా ఉండి కూడా పేజీలు అప్పగిస్తున్నారు.

మీ అక్క చెడ్డ మనిషని నేననడం లేదు. కొత్తగా కాపురానికి వచ్చిన ఇంట్లోకి పదకొండేళ్ళ చెల్లెల్ని వెంటబెట్టుకుని తెచ్చుకోవడానికి ఆవిడ ఎవరెవరి చేత ఎన్ని మాటలు పడిందో మీకు తెలియకపోవచ్చు. నలుగురూ ఏమంటారోనన్న భయం అక్కడే పట్టుకుని ఉంటుంది. పెంచిన చేతికి రుణం తప్పకుండా ఉంటుంది, లేదనేవాళ్ళతో నాకు పేచీ. ఆవిడకు ఒంట్లో బాగాలేకపోతే పక్కన కూర్చోండి. పిల్ల పెళ్ళికి చేతనైనంత సర్దండి. మీ మనసును తనిఖీకి పంపడం ఆ లెక్కలోకి రాదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఈ ఏర్పాటులో మీకూ సుఖముంది. పబ్లిషరుతో మాట్లాడేది అక్క. చెక్కులు పడేది అక్క ఖాతాలో. ఎవరైనా ఏమైనా అంటే పడేదీ అక్కే. మీ నాయికలు గోడలు దూకుతారు, ఇళ్ళు తగలబెడతారు. మీరు బ్యాంకుకు కూడా వెళ్ళలేదు!

తర్వాతి నవల అక్కకు ఇవ్వకండి. 'ఈసారి అచ్చయ్యాకే ఇస్తానక్కా' అని ఊరుకోండి, కారణాలు చెప్పబోతే వాదన మొదలవుతుంది. ఆవిడ అలుగుతుంది, నాలుగు రోజులు మాట్లాడదు. అలగనివ్వండి. ఎవరైనా వచ్చినప్పుడు కిందికి దిగి ఓ పది నిమిషాలు కూర్చోండి. ఏం చేస్తుంటారని అడిగితే 'నవలలు రాస్తానండి' అనండి చాలు. కలం పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, దాచుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఈ ధైర్యమంతా ఆ పిల్ల సంబంధం రోజునే చూపించనక్కర్లేదు. ముందు ఆ అమ్మాయినే అడగండి, పిన్ని తన పక్కన కూర్చుంటే ఇబ్బందా అని. మీరు దాచారనుకుంటున్న నవలలన్నీ తను ఎప్పుడో చదివేసి ఉంటుందని నా అనుమానం.

ఖాతా మాత్రం ఈ వారమే మీ పేరున తెరవండి. పబ్లిషరుకు ఆ వివరాలు మీరే రాయండి. ఇంటి ఖర్చుకు ఇంత అని నెలనెలా మీ చేత్తో అక్కకు ఇవ్వండి. 'నా దగ్గర నీకు లెక్కలేంటే?' అని తీసుకోనంటుంది. అయినా ఇవ్వండి.