1862 రూపాయి గురించి పెద్దాయనతో వచ్చిన తగవు: సమాధానం

నమస్కారమండి. ఒక పెద్దాయన చూపిన 1862 నాటి విక్టోరియా రూపాయిని, బొరుసు మీది చుక్కలు మీ దగ్గరున్న దానితో సరిపోలలేదని మీరు నకిలీ అనగా, ఆయన నొచ్చుకుని మాట్లాడటం మానేశారని రాశారు. నిజానికి ఆ రూపాయిని 1874 వరకూ 1862 అనే అంకెతోనే ముద్రిస్తూ వచ్చారు; చుక్కల తేడా అసలు నాణేల్లోనూ కనిపిస్తుంది కనుక తొందరపాటు మీదేనండి. ముందు ఆ మాట ఆయనతో ఒప్పుకోండి. సందేహం ఇంకా మిగిలితే, తీర్పు చెప్పకుండా ‘ఎంత తూగిందండీ?’ అని అడగండి: అసలుది 11.66 గ్రాములు, అరుగుదల వల్ల కాస్త తగ్గవచ్చు. నాణెం మీది అనుమానాన్ని మనిషి మీదికి తోసి నేనూ ఒకప్పుడు మంచి స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాను. తూకం తేలాక కూడా అభిప్రాయాలు కలవకపోతే, అంచున పోత గీత (లోహాన్ని అచ్చులో పోసి చేసిన నకిలీకి అతుకు దగ్గర పడే గీత) ఉందేమో చూడమని కోరి, అక్కడితో ఆగండి.