ఎలోయ్ మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడికి ఆశీస్సులు.

ఎలోయ్ బృందం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. బ్లూస్ ఛాయలున్న హార్డ్ రాక్ వాయించే జర్మన్ కుర్రాళ్లు 'క్రమంగా ప్రోగ్రెసివ్ సంగీతం వైపు మళ్లారు' (అంటే పొడవుగా, పలు భాగాలుగా సాగే రాక్ వైపు) అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఎలా మళ్లారన్నదే కదా పాఠకుడికి కావలసింది!

1971 నాటి తొలి రికార్డునూ, 1973లో వచ్చిన 'ఇన్‌సైడ్'నూ వెంటవెంటనే విను. మొదటిదానిలో గాయకుడు ఎరిష్ ష్రీవర్. ఏడు పాటలు, గిటార్లదే రాజ్యం, మాటల్లో యుద్ధం, విప్లవం. ఆ తర్వాత ఆయన వెళ్లిపోయాడు. 1969లో హానోవర్‌లో బృందాన్ని మొదలుపెట్టిన గిటారిస్టు ఫ్రాంక్ బోర్నెమాన్ పాడే బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నాడు. గిటారు, బేస్ వాయించే మాన్‌ఫ్రెడ్ వీచోర్కే ఆర్గన్ ముందుకు మారాడు. డ్రమ్స్‌కు ఫ్రిట్జ్ రాండో వచ్చాడు. నువ్వు 'కళాత్మక పరిణతి' అన్న చోట ఈ మార్పులు రాయి. పరిణతి సంగతి పాఠకుడే గ్రహిస్తాడు.

'ఇన్‌సైడ్'లో నాలుగే పాటలు. మొదటిది 17 నిమిషాలు, రికార్డులో ఒక వైపంతా అదే. దాన్ని రాగం తానం పల్లవితో పోల్చావు. తీసెయ్యి. అక్కడ గాయకుడు ఒకే రాగాన్ని పట్టుకుని లోతుకు దిగుతాడు. ఇక్కడ ఒక భాగం ముగిసి, దానితో పొత్తులేనట్టు మరొకటి మొదలవుతుంది. ఆర్గన్ గిటారును పక్కకు నెట్టే చోటు ఒకటి పట్టుకుని, వినబడింది వినబడినట్టు రాస్తే అరపేజీ వస్తుంది. ఆ అరపేజీ ముందు నీ 'అద్భుతం', 'అపూర్వం' నిలవవు.

తొలి రికార్డును చిన్నచూపు చూడకు. అది 'తొలి మెట్టు' అని వాయించిన వాళ్లకు తెలియదు కదా.

బృందం పేరు ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ నవల 'ది టైమ్ మెషీన్'లో భవిష్యత్తు కాలపు జాతిది. అంటే పేరులో భవిష్యత్తు 1969లోనే వచ్చి కూర్చుంది, సంగీతం నాలుగేళ్లు ఆలస్యంగా చేరింది. ఇంత మంచి ముక్కను చివర ఎక్కడో పారేశావు, ముందుకు తీసుకురా. బోర్నెమాన్ ఇంగ్లీషు ఉచ్చారణ మీద ఎగతాళి మాత్రం కొట్టెయ్యి. మన ఇంగ్లీషు వింటే హానోవర్‌లో ఏమనుకుంటారో!

1977 నాటి 'ఓషన్' రికార్డు మీద రాసిన రెండు పేజీలూ విడిగా దాచుకో. అప్పటికి పాతవాళ్లలో బోర్నెమాన్ ఒక్కడే మిగిలాడు, అది వేరే వ్యాసం. దీన్ని 1973 దగ్గరే ఆపి, తిరగరాసి పంపు.

మీ అన్నయ్య