కారు బొమ్మ గీసే ముందు కాంటా మీదికి పో

చిరంజీవి కోడలికి మామ ఆశీస్సులు.

కాలేజీల కట్టబోయే కారుకు నువ్వు గీసి పంపిన బొమ్మలు నాలుగూ చూసిన. గీతలు మంచిగున్నయి, చెయ్యి తిరిగింది. కానీ బిడ్డా, నాలుగింట్ల ఒక్కదాంట్ల కూడా మనిషి లేడు. డ్రైవర్ మడమ ఎక్కడ ఆనుతదో లేదు, ముంగటి టైరు పూర్తిగా తిప్పితే దేనికి తాకుతదో లేదు. ప్యాసింజర్ బండి పని మనుషుల్ని కూర్చోబెట్టుడుతోనే మొదలైతది. ఇనుము వాళ్ళ చుట్టూ తర్వాత వస్తది.

ఆ నాలుగు కాగితాలు పక్కన పెట్టి ఒక గ్రాఫ్ షీటు తీస్కో. 1:10 స్కేల్ల పక్క నుంచి కనపడేటట్టు నేల గీత గీయి. కూర్చున్న మనిషి తుంటి కీలు ఉండే చోటును హెచ్ పాయింట్ అంటరు. చిన్న హ్యాచ్‌బ్యాక్‌ల అది నేల మీదికెల్లి 500 నుంచి 600 మిల్లీమీటర్ల ఎత్తుల ఉంటది. మడమ ఆనే చోటు నుంచి దాని ఎత్తు 250 నుంచి 300. వీపు 25 డిగ్రీలు వెనక్కి వాలుతది. హెచ్ పాయింట్ నుంచి 8 డిగ్రీలు వెనక్కి వాలిన గీత మీద కప్పు దాకా కొలిచి, దానికి 102 కలిపితే హెడ్‌రూమ్ లెక్క. అది 950 కన్న తగ్గితే పొడుగు మనిషి తల కప్పుకు తాకుతది.

ఇద్దరు మనుషుల్ని గీయాలె. ఒకరు, వందమంది మగవాళ్ళల్ల 95 మంది కన్న పొడుగున్న మనిషి. ఇంకొకరు, వందమంది ఆడవాళ్ళల్ల ఐదుగురే తన కన్న పొట్టిగ ఉండే మనిషి. అదే పెడల్, అదే స్టీరింగ్ ఇద్దరికీ అందాలె. సీటు ముంగటికి వెనక్కి ఎంత జరగాలె అనేది ఈ ఇద్దరి నుంచే తేలుతది. తర్వాత 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తోని తలుపు గడప, సీటు, కప్పు అంచు అసలు సైజుల కట్టు. చీర కట్టుకున్న అమ్మమ్మను ఎక్కి దిగమను. గడప 400 దాటితే మోకాలు ఎంత లేపాల్సి వస్తదో, సీటు మరీ కిందికి ఉంటే లేవడానికి ఏం పట్టుకుంటదో అక్కడ కనపడుతది. కంప్యూటర్ తెర మీద ఇది ఎన్ని నెలలైనా తెలియదు.

పొడుగు సంగతి ఒక్క మాటల చెప్త. మన దేశంల 4 మీటర్ల లోపు పొడుగుండి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని కార్లకు పన్ను తక్కువ. డిక్కీ కత్తిరించినట్టున్న సెడాన్లు ఎందుకున్నయంటే ఇదే కారణం. ఆ 4 మీటర్లల్ల ప్రతి సెంటీమీటర్ మీద సీటూ, ఇంజినూ, డిక్కీ కొట్లాడుకుంటయి.

ఇగ అసలు పాఠానికి వస్త. ఇంట్ల ఉన్న కారు తీస్కొని ఎనుమాముల మార్కెట్ దిక్కు పో. పత్తి, మిర్చి బండ్లు తూచే కాంటాలు ఉంటయి. రద్దీ లేని పూట అడుగు. మొదలు బండి మొత్తం ఎక్కించి తూకం వేయించు. తర్వాత ముంగటి చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద, ఆ తర్వాత వెనుక చక్రాలు మాత్రమే. ప్రతిసారీ న్యూట్రల్‌ల పెట్టాలె, హ్యాండ్‌బ్రేక్ వెయ్యొద్దు, కాళ్ళ బ్రేకు వదలాలె. చక్రాలు బిగిసి ఉంటే ప్లాట్‌ఫారంను పక్కకు నెడుతయి, తూకం తప్పుతది. బయట ఉన్న చక్రాల కింది నేల కూడా ప్లాట్‌ఫారంతో సమానంగ ఉందో లేదో చూడు. పెద్ద కాంటా 5 కేజీలో 10 కేజీలో మెట్టుగ చూపిస్తది, అందుకని అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి ఎక్కించి సగటు తియ్యి. ముంగటిదీ వెనుకదీ కలిపితే మొత్తంతో 20 కేజీల లోపు కలవాలె. కలవకపోతే మళ్ళా తూచు.

మొత్తం 900, ముంగట 540, వెనుక 360 వచ్చిందనుకో. వీల్‌బేస్, అంటే ముంగటి ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడుమ దూరం, 2400. వెనుక బరువును మొత్తంతో భాగించి వీల్‌బేస్‌తో గుణించు: 960. అంటే బండి బరువుకేంద్రం ముంగటి ఇరుసుకు 960 మిల్లీమీటర్ల వెనుక ఉంది. ఎత్తు ఇట్ల కొలవలేము, చిన్న కారుకు 550 అనుకుంటే చాలు.

ఇప్పుడు గట్టిగ బ్రేకు కొట్టినమనుకో, 0.8 జీ, అంటే బండిని ఆపే బలం దాని బరువుల 0.8 వంతు. ముంగటికి జరిగే బరువు = 900 × 0.8 × 550 ÷ 2400, అంటే 165 కేజీలు. ముంగట 705, వెనుక 195. టైరు పట్టు దాని మీదున్న బరువును బట్టే ఉంటది కాబట్టి బ్రేకు బలంల కూడా దాదాపు 78 శాతం ముంగటికే పోవాలె. వెనుక ఎక్కువిస్తే వెనుక చక్రాలు ముందు బిగుస్తయి, తోక ముంగటికి తిరుగుతది. వానాకాలం తారు రోడ్డు మీద ఇది ప్రాణాల మీదికి వచ్చే తప్పు. ముంగటి చక్రాలు ముందు బిగిస్తే స్టీరింగ్ పోతది గానీ బండి సూటిగనే పోతది. అందుకే ముంగటివి ఒక వెంట్రుకవాసి ముందు బిగిసేటట్టు లెక్క కడతరు. నాలుగు చక్రాలకూ ఒకే డిస్కు, దాన్ని నొక్కి పట్టే ఒకే క్యాలిపర్ పెట్టి "సమానంగ పెట్టినం" అని చెప్పే కాలేజీ బండ్లు ఈ లెక్క దగ్గరే ఫెయిలైతయి.

నాలుగు టైర్ల దగ్గర ఇంకొక్క నిమిషం ఆగు. ఒక్కో టైరు మీద సగటున 225 కేజీలు, గాలి 32 పీఎస్ఐ. భాగిస్తే నేలను తాకే చోటు దాదాపు 100 చదరపు సెంటీమీటర్లు, నీ అరచేయంత. బ్రేకూ, మలుపూ, పికప్పూ అన్నీ ఆ నాలుగు అరచేతుల నుంచే రావాలె. సస్పెన్షన్ మొదటి పని వాటిని నేలకు అదిమి ఉంచుడు.

స్ప్రింగ్ లెక్క చెప్త, నోట్‌బుక్‌ల రాసుకో. కారు సెకనుకు 1.2 నుంచి 1.5 సార్లు ఊగితే ఒంటికి సుఖం. ముంగటి ఒక మూలన స్ప్రింగ్ మోసే బరువు 235 కేజీలు, ఊపు 1.3 అయితే చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటరుకు దాదాపు 16 న్యూటన్లు. అదే స్ప్రింగ్ వెనుక పెట్టు. వెనుక ఒక మూల ఖాళీగ 150 కేజీలే మోస్తది. ముగ్గురు ఎక్కితే మనిషికి 68, సామానుకు 7 లెక్కన 225 కేజీలు. దాంట్ల 180 వెనుక ఇరుసు మీద పడితే చక్రానికి 90. తోక 55 మిల్లీమీటర్లు కిందికి దిగుతది. పెండ్లికి పోయే కారు స్పీడ్‌బ్రేకర్‌కు ఎందుకు రాస్తదో ఇప్పుడు తెలిసిందా? సరే, స్ప్రింగ్ 22కు గట్టి చేద్దామంటే దిగుడు 40కి తగ్గుతది, కానీ ఖాళీగ ఉన్నప్పుడు ఊపు 1.9 దాటుతది, గుంతల్ల బండి గంతులేస్తది. ఈ రెండింటి నడుమ చోటు వెతకాలె. చివరి 30, 40 మిల్లీమీటర్లు రబ్బర్ బంప్‌స్టాప్‌కు అప్పజెప్పుతరు, అది అణిగేకొద్దీ గట్టిపడుతది.

ఒక జాగ్రత్త. చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ మీద స్ప్రింగ్ నడుమల కూర్చుంటే, చక్రం 10 కదిలితే స్ప్రింగ్ 7 కదులుతదనుకో. చక్రానికి అందే గట్టిదనం 0.7 వంతు కాదు, 0.49 వంతు. ఇక్కడ వర్గం చేయుడు మరిచిపోయి, అనుకున్నదానికన్న 30 శాతం మెత్తటి బండి కట్టేవాళ్ళు చానామంది.

మన స్పీడ్‌బ్రేకర్లు కూడా డిజైన్ లెక్కలనే ఉండాలె. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. దాని మీద ఏ కారైనా పోతది. ములుగు, నర్సంపేట దారుల్ల లోపటి ఊర్లల్ల పోసుకున్నవి అట్లుండవు, అర మీటరు వెడల్పుల నిటారుగ లేస్తయి. టేపు తీస్కొని ఐదారు కొలిచి రాసుకో. లోడుతోని నేలకెల్లి 165 ఖాళీ, 2400 వీల్‌బేస్ ఉన్న బండి పొట్ట కింద కోణం దాదాపు 15.7 డిగ్రీలు. కొలిచిన గడ్డను అదే స్కేల్ల గీసి కింది నుంచి జరిపి చూడు. సైలెన్సర్ పైపు తాకితే ఇప్పుడే జరుపు.

స్టీరింగ్‌ల అందరూ అకర్‌మన్ కోణాలు, అంటే మలుపుల లోపలి చక్రం బయటిదాని కన్న ఎక్కువ తిరిగే లెక్క, పట్టుకొని కూర్చుంటరు. అంతకన్న ముందు చూడాల్సింది బంప్ స్టీర్. చక్రం పైకి కిందికి కదిలినప్పుడు చక్రాన్ని పక్కకు తిప్పే కడ్డీ, అంటే టై రాడ్, ఒక వంపుల, చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ ఇంకొక వంపుల తిరుగుతయి. రెండు వంపులూ కలవకపోతే స్టీరింగ్ ముట్టుకోకుండనే చక్రం తనంతట తాను పక్కకు తిరుగుతది. టై రాడ్లను అటూ ఇటూ నెట్టే రాక్‌ను 10 మిల్లీమీటర్లు ఎత్తుల తప్పు పెడితే చాలు, స్పీడ్‌బ్రేకర్ ఎక్కంగనే బండి ఒక దిక్కు గుంజుతది. స్ప్రింగూ షాకబ్జరూ ఒకే నిలువు కాడల ఉండే మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్‌ల దీనికి గీత ఉంది. స్ట్రట్ పైకొస దగ్గర స్ట్రట్‌కు లంబంగ ఒక గీత, లోయర్ ఆర్మ్ వెంబడి ఇంకొక గీత గీయి. రెండూ కలిసే చోటుకు టై రాడ్ గీత కూడా పోవాలె. దాని పొడుగు కూడా లోపలి కీళ్ళను బట్టే ఉండాలె.

దీన్ని కండ్లతోని చూడాలంటే ఆటోనగర్‌ల తెలిసిన మెకానిక్ దగ్గరికి పో. బండిని స్టాండ్ల మీద పెట్టి, స్ప్రింగ్ తీసి, షాకబ్జర్ ఒక్కటే బిగించమను. ఆ స్ప్రింగ్ నువ్వు విప్పకు. స్ప్రింగ్‌ను అణిచి పట్టే కంప్రెసర్ బిగించకుండ పై నట్టు వదిలితే అది తుపాకి గుండు లెక్క లేస్తది. చక్రం బిగించే హబ్బుకు 600 మిల్లీమీటర్ల సూటి బద్ద బిగించు, పక్కన కదలని పలక నిలబెట్టు. జాకీతోని చక్రాన్ని 10 మిల్లీమీటర్ల చొప్పున పైకి 50, కిందికి 50 జరుపుతూ బద్ద రెండు కొసల నుంచి పలక దాకా దూరాలు రాయి. రెండింటి తేడా ఒక మిల్లీమీటర్ మారిందంటే చక్రం దాదాపు 0.1 డిగ్రీ తిరిగినట్టు. గ్రాఫ్ గీస్తే ఏ దిక్కు వంగుతుందో, రాక్ పైకి జరగాలెనా కిందికా అనేది తెలుస్తది. అక్కడున్నప్పుడే పాత లోయర్ ఆర్మ్ ఒకటి అడిగి తెచ్చుకో. దాని రెండు బుష్షులు, అంటే రబ్బర్ కీళ్ళు, చేతిల పట్టుకొని చూడు: చానా కార్లల్ల ఒకటి చిన్నగ గట్టిగ, ఇంకొకటి పెద్దగ, రబ్బర్‌ల ఖాళీలతోని ఉంటది. గట్టిది మలుపుల చక్రాన్ని పక్కకు జరగనియ్యదు. మెత్తది గుంతల పడ్డప్పుడు చక్రాన్ని కొద్దిగ వెనక్కి జరగనిచ్చి దెబ్బ మింగుతది. రెండూ గట్టిగ పెడితే సీటు దాకా దడదడ వస్తది.

ఇంజిన్ సంగతి త్వరగ చెప్త, ఎందుకంటె కుర్రకారు దాని మీదనే ఎక్కువ కాలం పోగొడుతరు. మే నెల ఎండల మన గాలి సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 1.1 కేజీ. గాలి నిరోధం గుణకం, అంటే డ్రాగ్, 0.33, ముఖ వైశాల్యం 2.1 చదరపు మీటర్లు, బరువు 1100 కేజీలు, దొర్లుడు నిరోధం 0.013 అనుకుంటే గంటకు 100 కిలోమీటర్ల వేగంల గాలి అడ్డుకునే బలం 294 న్యూటన్లు, దొర్లుడుది 140. చక్రాల దగ్గర 12 కిలోవాట్లే సరిపోతయి. మిగిలిన బలమంతా పికప్‌కు, ఎక్కుడుకు. ఫుల్ లోడుతోని 1250 కేజీల బండి ఐదుకొకటి, అంటే ఐదు మీటర్లకు ఒక మీటరు లేచే, ఎక్కుడు మీద నిలిచి కదలాలంటే 165/80 ఆర్14 టైరు మీద చక్రాల దగ్గర 740 న్యూటన్ మీటర్లు కావాలె. క్లచ్ వదిలేటప్పుడు ఇంజిన్ 63 ఇస్తదనుకుంటే, గేర్లల్ల పదో వంతు పోంగ 13 రెట్లు కావాలె. ఫస్ట్ గేర్ 3.5, ఫైనల్ 4 పెడితే 14. నెంబర్లు ఎక్కడి నుంచి వచ్చినయో చూసినవ్ గదా.

బాడీకి వస్తే, నువ్వు పైపుల ఫ్రేమ్ అనుకుంటున్నవ్ కాబట్టి ఒక్క పోలిక. 25.4 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మందం పైపు తీస్కో. పక్కన 31.75 వ్యాసం, 1.6 మందం పైపు పెట్టు. రెండోది బరువు 28 శాతం తక్కువ, వంగకుండ ఆగే గుణం 28 శాతం ఎక్కువ. గట్టిదనం మందం కన్న వ్యాసం నుంచే ఎక్కువొస్తది. కానీ బండి బోర్లాపడితే డ్రైవర్‌ను కాపాడే పైపుల గూడు, రోల్ కేజ్‌కు, కాలేజీ పోటీ రూల్ బుక్ ఏ సైజు చెప్తే అదే వాడు, పల్చటిది వెల్డింగ్‌ల కాలిపోతది, సొట్టా త్వరగ పడుతది. పైపు కొసలు చేప నోరు లెక్క కోసి, సందు మిల్లీమీటర్ లోపుండేటట్టు కూర్చోబెట్టినంకనే వెల్డింగ్. ఫ్రేమ్ విరిగితే వెల్డింగ్ పక్కననే విరుగుతది. గళ్ళన్నిట్ల మూల నుంచి మూలకు ఒక పైపు పడాలె, త్రిభుజం కాని గడి మెలి తిరుగుతది.

ముంగటి భాగం పొడుగు ఇంజిన్ కోసమే అనుకోకు. ఏఐఎస్-098 అనే మన దేశపు గుద్దుడు పరీక్షల బండి గంటకు 56 కిలోమీటర్ల వేగంతోని, ముఖం 40 శాతం మాత్రమే తాకేటట్టు, నలిగే అడ్డానికి గుద్దుతది. 2023 అక్టోబర్ 1 నుంచి మొదలైన, కార్లకు భద్రత స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్‌ల అయితే 64. సగటున 25 జీ తోని ఆపాలంటే 56కు దాదాపు 50 సెంటీమీటర్లు, 64కు 65 సెంటీమీటర్లు నలగాలె. ఇంజిన్ నలగదు, కాబట్టి దాని మందం ఈ లెక్కలకెల్లి తీసెయ్యాలె. నీ మూడో బొమ్మల బంపర్ నుంచి డ్రైవర్ పాదాల దాకా ఉన్న చోటు కొలిచి చూడు, ఇంజిన్ తీసేస్తే మిగిలేది 30 కూడా లేదు.

ఎలక్ట్రిక్ చేస్త అంటున్నవ్. చెయ్యి. కానీ బ్యాటరీ నేల కింద పడితే మడమ ఎత్తు పెరుగుతది, దాంతోని సీటు, కప్పు అన్నీ పెరుగుతయి. 30 కిలోవాట్ అవర్ ప్యాక్ దాదాపు 200 కేజీలు. ఎండాకాలం 45 డిగ్రీల ఎండల నిలబెట్టిన బండికి ద్రవంతోని చల్లార్చే ఏర్పాటు లేకుండ ఆలోచించకు. కాంటా లెక్క, బ్రేకు లెక్క, స్ప్రింగ్ లెక్క మళ్ళా మొదటి నుంచి.

కట్టిన బండి కాలేజీ గ్రౌండ్ దాటొద్దు. రోడ్డెక్కే ప్రతి మోడల్ పుణె ఏఆర్ఏఐ, మానేసర్ ఐక్యాట్ లాంటి సంస్థల పరీక్ష పాసు కావాలె. రిజిస్టరైన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చుడు కూడా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

సాఫ్ట్‌వేర్‌కు పైసలు పెట్టకు. గ్రాఫ్ షీటు అయినంక ఫ్రీక్యాడ్ చాలు, లెక్కలకు లిబ్రె ఆఫీస్. వెహికిల్ డైనమిక్స్ పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ క్లాసులుండే ఎన్‌పీటీఈఎల్‌ల ఉచితంగ దొరుకుతయి, రోజుకొకటి చూసి ఆ లెక్కను మీ ఇంటి కారు నెంబర్లతోనే మళ్ళా చెయ్యి.

దసరాకు వచ్చేటప్పుడు మూడు తెచ్చుకో: కాంటా చీటీలు, బంప్ స్టీర్ గ్రాఫ్, ఇద్దరు మనుషులున్న 1:10 బొమ్మ. వెనుక స్ప్రింగ్ 16 పెట్టాలెనా 22 పెట్టాలెనా, ఆ నెంబర్లు ముంగటేసుకొని ఇద్దరం కూర్చొని తేల్చుదాం.

ఇట్లు,
మీ మామ