అమెరికాలో పోలీసులను ఫోన్‌లో వీడియో తీయవచ్చా? స్మార్ట్‌ఫోన్ల వల్ల నిజంగా ఏమైనా మారిందా?

తీయవచ్చండి. రోడ్డు, పార్కు లాంటి బహిరంగ స్థలమై ఉండాలి, వాళ్ల పనికి అడ్డు పడకూడదు. బోస్టన్‌లో ఓ అరెస్టును సెల్‌ఫోన్‌లో తీస్తున్న లాయరును పోలీసులు పట్టుకెళ్లిన కేసులో, ఈ హక్కు భావప్రకటన స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగం మొదటి సవరణ కిందికే వస్తుందని 2011లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది.

మార్పు సంగతికొస్తే, చాలానే మారింది. 1991లో లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి కొట్టిన తీరు లోకానికి తెలిసిందంటే, దగ్గర్లో ఒకాయన ఇంట్లో వీడియో కెమెరా ఉండబట్టే. ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు చనిపోయాక పోలీసుల మొదటి ప్రకటన చూడండి: అనారోగ్యంతో ఉన్నట్టు కనిపించాడు, అంబులెన్స్ పిలిచాం, ఆసుపత్రిలో చనిపోయాడు. ఓ పోలీసు అతని మెడ మీద మోకాలితో నొక్కిపెట్టిన ఊసే లేదు! 17 ఏళ్ల డార్నెలా ఫ్రేజియర్ అక్కడే నిలబడి తీసిన వీడియోను ఫేస్‌బుక్‌లో పెట్టకపోతే ఆ ప్రకటనే చరిత్రగా మిగిలేదేమో. మరుసటి ఏడాది ఆ పోలీసుకు 22న్నరేళ్ల జైలుశిక్ష పడింది. ఆ పిల్ల ధైర్యానికి ఎంత మెచ్చుకున్నా తక్కువే.

వెనక్కి జరగమంటే జరగండి, తీయడం ఆపక్కర్లేదు. అరెస్టు చేసినా, మామూలుగా వారెంటు లేనిదే మీ ఫోన్‌లోపల వెతకకూడదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకు ఒక్క మాట: పోలీసులు మీ కారు ఆపినప్పుడు ఫోన్ కోసం చటుక్కున జేబులో చెయ్యి పెట్టకండి, తుపాకీ తీస్తున్నారనుకోవచ్చు.