డేటా బజారులో కొట్టు పెట్టేముందు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

మీ బృందం పోగుచేసిన బోరుబావుల నీటిమట్టం రీడింగులను ఓషన్ ప్రోటోకాల్ (బ్లాక్‌చైన్ ద్వారా డేటా అమ్మి కొనే వ్యవస్థ) మీద పెడదామనుకుంటున్నారనీ, పేర్లు చదివేసరికే తల తిరిగిపోయిందనీ రాశావు. తిరగదా మరి! సముద్రం పేరు పెట్టుకున్నారు కాబట్టి భాగాలకూ అలాంటి పేర్లే తగిలించారు. అక్వేరియస్, బార్జ్ అలాంటివే. పాత రాతల్లో స్క్విడ్, బ్రీజో కూడా తగులుతాయి. నువ్వు పేర్లు బట్టీ పట్టొద్దు. ఏ భాగం దగ్గర ఏముంటుంది, ఏముండదు అన్నది పట్టుకో. ఎక్కడైనా చెడితే ఎవరి తలుపు తట్టాలో తెలిసిపోతుంది.

అందరూ పొరబడేది మొదటి మెట్టు దగ్గరే. డేటా బ్లాక్‌చైన్ (ఎన్నో కంప్యూటర్లు కలిసి రాసుకునే, చెరపలేని లెక్కల పుస్తకం) మీద ఉండదమ్మా. నీ సీఎస్వీ ఫైలు నీ సర్వర్లోనో, ఐపీఎఫ్‌ఎస్, ఆర్వీవ్ లాంటి పంచిన నిల్వల్లోనో నువ్వు పెట్టిన చోటే ఉంటుంది. చైన్ మీద ఉండేవి హక్కు, చెల్లింపు, వివరణ. ఫైలున్న సర్వరు ఆగిపోతే డబ్బు కట్టినవాడి చేతిలో టోకెను మిగులుతుంది గానీ ఫైలు మాత్రం రాదు.

ఇక టోకెన్ల సంగతి. 2020లో వచ్చిన మూడో కూర్పులో డేటాసెట్‌కు ఒక డేటాటోకెన్ మాత్రమే ఉండేది. 2022 నాటి నాలుగో కూర్పులో డేటా ఎన్‌ఎఫ్‌టీ వచ్చి చేరింది. ఎన్‌ఎఫ్‌టీ అంటే పట్టాదారు పాసుపుస్తకం అనుకో. అది ఈఆర్‌సీ 721 రకం (దేనికది విడిగా ఉండే టోకెన్ల ప్రమాణం), ఎవరి పేరుమీద ఉంటే వాళ్లు యజమాని. దాని కింద ఎన్ని డేటాటోకెన్ కాంట్రాక్టులైనా (కాంట్రాక్టు అంటే చైన్ మీద నడిచే ప్రోగ్రాము) పెట్టుకోవచ్చు, అవి ఈఆర్‌సీ 20 రకం, అంటే అన్నీ ఒకేలాంటి టోకెన్లు. వాటిని టిఫిన్ సెంటర్ టోకెన్లలా చూడు. కౌంటర్లో డబ్బు కట్టి టోకెను తీసుకుంటావు, వంటింటి కిటికీ దగ్గర ఇస్తే దోశ చేతికొస్తుంది. ఇక్కడ కౌంటరు పని చేసేది ఫిక్స్‌డ్ రేట్ ఎక్స్‌ఛేంజ్ కాంట్రాక్టు. ఉచితంగా ఇవ్వదలిస్తే డిస్పెన్సర్. కిటికీ దగ్గర నిలబడేది ప్రొవైడర్.

కొనడం వేరు, ఆర్డర్ వేరు. టోకెను కొన్నంత మాత్రాన ఫైలు తెరుచుకోదు, స్టార్ట్‌ఆర్డర్ అనే ఫంక్షన్‌ను పిలిచి ఒక టోకెను ఖర్చుపెట్టాలి. మామూలు టెంప్లేట్‌లో (ముందే తయారైన కాంట్రాక్టు నమూనాలో) ఇవి రెండు వేర్వేరు లావాదేవీలు, పైగా కొనేముందు అప్రూవ్ కూడా చెయ్యాలి, అంటే నీ డబ్బు తీసుకోడానికి కాంట్రాక్టుకు అనుమతి ఇవ్వాలి. ఎంటర్‌ప్రైజ్ టెంప్లేట్‌లో కొనుగోలూ ఆర్డరూ ఒకే దెబ్బలో అయిపోతాయి. నీ కొనుగోలుదారులు క్రిప్టోకి కొత్తవాళ్లయితే అదే వాడమంటాను.

దశాంశాల దగ్గర జాగ్రత్త. డేటాటోకెన్‌కు 18 దశాంశ స్థానాలు. ఒక టోకెను అంటే కాంట్రాక్టు లెక్కలో 1 పక్కన 18 సున్నాలు. కోడులో ఉత్త 1 అని రాస్తే టోకెనులో అతి చిన్న తునక వెళ్తుంది, ఆర్డర్ పడదు. ధర యూఎస్‌డీసీలో (డాలరుకు ముడిపడిన క్రిప్టో నాణెం) పెడితే ఇంకో మెలిక ఉంది: దానికి 6 స్థానాలే. రెండింటి మొత్తాలనూ ఒకే గుణకంతో గుణించారంటే లెక్క తప్పుతుంది.

ప్రతి ఆస్తికీ డీఐడీ అనే గుర్తింపు, డీడీఓ అనే వివరణ పత్రం ఉంటాయి. నాలుగో కూర్పులో డీఐడీ లెక్క సులువు. ఎన్‌ఎఫ్‌టీ చిరునామా వెనక చైన్ నంబరు (ఏ బ్లాక్‌చైనో చెప్పే సంఖ్య) చేర్చి ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్ (సమాచారం నుంచి తీసే వేలిముద్ర లాంటిది) తీస్తే 64 అక్షరాలొస్తాయి. పాత మూడో కూర్పువాటిలో 40 అక్షరాలే, కంటిచూపుకే తేడా పట్టెయ్యొచ్చు. అయితే చిరునామాను చెక్‌సమ్ రూపంలో, అంటే పెద్ద చిన్న అక్షరాలు కలిసిన అసలు రూపంలోనే ఇవ్వాలి. అన్నీ చిన్న అక్షరాలు చేసి ఇచ్చావా, ఇంకో డీఐడీ పుడుతుంది, ఆస్తి దొరకలేదని జవాబొస్తుంది. గంటల తరబడి సర్వర్ లాగ్‌లు తవ్వించే తప్పు ఇదే.

ప్రొవైడర్ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. నీ కొట్టు నిలబడేదీ కూలేదీ దీనిమీదే. ఫైలు లింకును పబ్లిష్ చేసేముందు ప్రొవైడర్ తన తాళంతో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఆ గజిబిజి అక్షరాలే డీడీఓలోకి వెళ్తాయి. ఆ మూటలో లింకుతో పాటు ఎన్‌ఎఫ్‌టీ, డేటాటోకెన్ చిరునామాలు కూడా కట్టి ఉంటాయి. అవి లేకపోతే నీ గజిబిజిని ఎవడో కాపీ కొట్టి తన ఆస్తిలో అతికించి చవగ్గా అమ్ముకునేవాడు. కొన్నవాడు సంతకం చేసిన అభ్యర్థన, ఆర్డర్ లావాదేవీ నంబరు పంపితే, ప్రొవైడర్ చైన్ మీద సరిచూసి, లింకు విప్పి, ఫైలును తానే తెచ్చి అందిస్తుంది. నీ అసలు లింకు కొన్నవాడి కంట పడదు.

దీన్నిబట్టి చెయ్యాల్సినవి చెబుతాను. ప్రొవైడర్ ప్రైవేట్ కీని రెండు చోట్ల భద్రం చెయ్యి. అది పోతే పాత లింకులు ఇక విప్పలేవు, ప్రతి ఆస్తినీ మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి డీడీఓ మార్చాలి, ప్రతి మార్పుకీ గ్యాస్ (చైన్ లావాదేవీ రుసుము) వదలాలి. గూగుల్ డ్రైవ్ షేర్ లింకు పెట్టకు, ఫైలు బదులు వెబ్ పేజీ వెళ్తుంది. అమెజాన్ క్లౌడ్ నిల్వ ఎస్3 నుంచి సంతకంతో పుట్టించిన లింకూ వద్దు. దాని ఆయుష్షు గరిష్ఠంగా 7 రోజులు, ఎనిమిదో రోజున కొన్నవాడికి వట్టి చెయ్యి. డౌన్‌లోడ్ అభ్యర్థనలో నాన్స్ అనే సంఖ్య పోయినసారికంటే పెద్దదై ఉండాలి. మిల్లీసెకన్లలో టైమ్‌స్టాంప్ వాడితే సరిపోతుంది. ఒక స్క్రిప్టు మిల్లీసెకన్లు, ఇంకోటి సెకన్లు వాడితే మాత్రం రెండోదాన్ని ప్రొవైడర్ గేటు దాటనివ్వదు.

వివరణ పత్రాలను వెతికిపెట్టేది అక్వేరియస్. చైన్ మీద సంఘటనలను గమనిస్తూ డీడీఓలను తన ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట డేటాబేస్‌లో పేర్చుకుంటుంది. ఇది లైబ్రరీలో కార్డుల డబ్బా లాంటిది, చెడిపోయినా చైన్ నుంచి తిరిగి కట్టుకోవచ్చు. ఆర్డర్ల చరిత్ర, ధరలు కావాలంటే సబ్‌గ్రాఫ్‌ను (చైన్ మీది లావాదేవీలను పేర్చి చూపే సేవను) అడగాలి.

"పబ్లిష్ అయింది గానీ మార్కెట్లో కనబడట్లేదు" అని నీనుంచి ఫోను రావడం ఖాయం. ముందు లావాదేవీలో మెటాడేటా క్రియేటెడ్ సంఘటన ఉందో లేదో చూడు. లేకపోతే ఎన్‌ఎఫ్‌టీ పుట్టింది గానీ వివరణ ఎక్కలేదన్నమాట. ఉంటే, డీడీఓలో ప్రొవైడర్ చిరునామా చూడు. అక్కడ లోకల్‌హోస్ట్ అని ఉంటే నీ లాప్‌టాప్‌కి తప్ప ఎవరికీ అర్థం కాదు. ఎన్‌క్రిప్ట్ చేసిన డీడీఓను విప్పడానికి అక్వేరియస్ కూడా ప్రొవైడర్‌నే అడగాలి కదా! విప్పేందుకు అనుమతి ఉన్న చిరునామాల జాబితా పెట్టి ఉంటే అందులో అక్వేరియస్ ఉందో లేదో చూడు. అవన్నీ బాగుంటే మిగిలింది తనిఖీలో తప్పడం. పేరు, వివరణ, రకం, రచయిత, లైసెన్సు, ఈ ఐదింటిలో ఒక్కటి తగ్గినా పక్కన పెట్టేస్తుంది.

టైమౌట్, అంటే ఒక ఆర్డర్ చెల్లే గడువు, సెకన్లలో ఇవ్వాలి. రోజంతటికీ 86400. సున్నా పెడితే "వెంటనే ముగుస్తుంది" అనుకునేరు, దానికి అర్థం ఎప్పటికీ ముగియదని.

నీ రీడింగులకు మాత్రం నేరుగా డౌన్‌లోడ్ ఇవ్వడం నాకు నచ్చలేదు. ఒకసారి చేతికిచ్చిన ఫైలు వాడు ఇంకెవరికిచ్చినా ఆపలేవు. కంప్యూట్ టు డేటా వాడు. డేటా కదలదు, కొన్నవాడి అల్గారిథమే దాని దగ్గరికొచ్చి కంటైనర్‌లో (మిగతా మెషీన్ నుంచి వేరుచేసిన పెట్టెలో) నడుస్తుంది, ఫలితం మాత్రమే బయటికెళ్తుంది. నాలుగో కూర్పులో కంటైనర్ లోపల నీ ఫైలు ఇన్‌పుట్స్ ఫోల్డర్‌లో డీఐడీ పేరున్న ఉపఫోల్డర్లో, ఉత్త "0" అన్న పేరుతో కనబడుతుంది. ఎక్స్‌టెన్షన్ ఉండదు. సీఎస్వీ అని పేరు చూసి గుర్తుపట్టే లైబ్రరీలు ఇక్కడే బోర్లా పడతాయి. ఫలితాన్ని అవుట్‌పుట్స్ ఫోల్డర్‌లోనే రాయాలి, ఇంకెక్కడ రాసినా కంటైనర్‌తో పాటే పోతుంది.

కంప్యూట్ పెట్టేశాం కదా అని ధీమాగా ఉండకు. డేటానంతా కాపీ చేసి అవుట్‌పుట్స్‌లో పడేసే అల్గారిథం పది లైన్లు కూడా ఉండదు. అందుకే నమ్మిన అల్గారిథమ్‌ల జాబితా తప్పనిసరి. అందులో డీఐడీ ఒక్కటే సరిపోదు, ఫైలు చెక్‌సమ్, కంటైనర్ చెక్‌సమ్ (ఇక్కడ చెక్‌సమ్ అంటే వాటి హ్యాష్) రెండూ చేర్చాలి. కోడులో ఒక్క అక్షరం మారినా నమ్మకం రద్దవుతుంది. రా అల్గారిథమ్‌లకూ (పబ్లిష్ చెయ్యకుండా నేరుగా పంపే కోడు), నెట్‌వర్క్ వాడకానికీ అనుమతులు రెండూ ఆపెయ్యి. ఒక అల్గారిథమ్‌ను నమ్మేముందు మీలో ఎవరో ఒకరు కూర్చుని దాన్ని చదవాలి. ఈ పని ఏ సాఫ్ట్‌వేరూ మీకు చేసిపెట్టదు.

సాధన కోసం బార్జ్ ఉంది. కంటైనర్లు నడిపే డాకర్ మీద కాంట్రాక్టులతో సహా కావలసిన భాగాలన్నీ నీ మెషీన్లోనే లేపుతుంది, చైన్ నంబరు 8996. కాంట్రాక్టుల చిరునామాల ఫైలు పుట్టడానికి కొంత సమయం పడుతుంది. అది రాకముందే స్క్రిప్టు నడిపి తప్పొచ్చిందనుకోవడం అందరూ చేసేదే. ఒక టీ తాగి రా.

2024 నుంచి ప్రొవైడర్, అక్వేరియస్, సబ్‌గ్రాఫ్ పనులన్నీ ఓషన్ నోడ్ అనే ఒకే ప్రోగ్రామ్‌లోకి తెచ్చారు. కొత్తగా మొదలెడుతున్నావు కాబట్టి దానితోనే వెళ్లు, పైన చెప్పిన పనుల విభజన లోపల అలాగే ఉంటుంది. నోడ్‌లు లిబ్‌పీ2పీతో (కంప్యూటర్లను నేరుగా కలిపే సాధనం) మాట్లాడుకుంటాయి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద పెడితే బయటివాళ్లకు చేరకపోవచ్చు. చాలా కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో పంచుకుంటారు, రౌటర్‌లో పోర్టు తెరిచినా లాభం ఉండదు. పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న క్లౌడ్ మెషీన్ తీసుకో, ప్రకటించాల్సిన చిరునామాను సెట్టింగుల్లో చేత్తో రాయి.

చివరగా ఒకటి, ఇది పబ్లిష్ చేసేలోపే చూసుకోవాల్సింది. డీడీఓ చైన్ మీదికి ఎక్కితే చెరగదు. మార్చినా పాత రూపం చరిత్రలో ఉండిపోతుంది. ఆస్తిని రద్దయినట్టు గుర్తు పెడితే మార్కెట్లో కనబడదు, అంతే. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనిషికి తన వివరాలు చెరిపించుకునే హక్కు ఇచ్చింది. కాబట్టి వివరణలో గానీ నమూనా వరుసల్లో గానీ రైతు పేరు, ఫోను నంబరు, సర్వే నంబరు ఉండకూడదు. బోరు అక్షాంశ రేఖాంశాలను ఆరు దశాంశాలతో ఇస్తే అది ఎవరి పొలమో చెప్పేసినట్టే. రెండు దశాంశాలకు కుదిస్తే సుమారు కిలోమీటరు పరిధి అవుతుంది, నీటిమట్టం పోకడ చూసేవాళ్లకు అది చాలు.

ఆ కాలమ్‌లు తీసేశాక మొదటి యాభై వరుసలు నాకు పంపు. మీరు పబ్లిష్ బటన్ నొక్కేలోపే చూసి చెబుతాను.

మీ మామయ్య